గుడగుడా, బుసబుసా? తేల్చి చెప్పండి

రాత్రి పన్నెండున్నరకి మా బాత్రూమ్ గోడలోంచి 'ఢన్' అని వినిపించింది. ఇంట్లో ఉన్నది నలుగురం, విన్నవి నాలుగు చప్పుళ్లు. నాకు 'ఢన్', మా ఆవిడకు 'దబ్', మా అబ్బాయికి 'టక్'. మా మామగారికి మాత్రం 'గుర్రు'మని వినిపించిందట. అది ఆయన సొంత ధ్వనేనని చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

మర్నాడు ప్లంబర్ వచ్చి, "ఎలాంటి సౌండండీ?" అన్నాడు. నలుగురం వంతులవారీగా నోటితో పైపు చప్పుళ్లు చేసి చూపించాం. పైపు మాత్రం ఆ గంటసేపూ మౌనవ్రతం పట్టింది. అతను గోడ మీద వేలి కణుపులతో రెండుసార్లు కొట్టి, చెవి పెట్టి, కళ్లు మూసుకుని, "తవ్వాలండి" అన్నాడు.

దేశభాషలన్నిటిలోనూ చప్పుళ్లకు ఇన్ని మాటలున్న భాష మనది అని నా గట్టి నమ్మకం. గలగల, బొళబొళ, చిటపట, కుతకుత... వీటన్నిటినీ కవులకు రాసిచ్చేసి, పైపుల రోగాలకు మాత్రం 'సౌండ్' అనే ఒక్క మాటతో సరిపెట్టుకోవడం జాతికి తీరని అవమానం. తక్షణం ఒక పైపుధ్వని నిఘంటువు కావాలి. ఎవరూ పూనుకోరు కాబట్టి నేనే మొదలుపెట్టాను.

'ఢన్' నుంచే మొదలెడదాం. కుళాయి చటుక్కున కట్టేసినప్పుడో, వాషింగ్ మెషిన్ తనకు నీళ్లు చాలనుకుని లోపలి వాల్వును ఠక్కున మూసినప్పుడో వచ్చేది ఇది. పరుగెత్తి వస్తున్న నీళ్లకు ఆగాలని ముందుగా కబురు పెట్టం కదా. ఆగినచోట ఒత్తిడి ఎగదన్నుతుంది. ఆ దెబ్బ లోహపు గొట్టంలో సెకనుకు కిలోమీటరుకు పైగా వేగంతో వెనక్కి పోయి, అవతలి కొసన తగిలి, మళ్లీ ఇటే వస్తుంది. అందుకే ఢన్, ఢన్, ఢన్. ఇలా రెండోసారి పలికే రూపాన్ని వ్యాకరణంలో ఆమ్రేడితం అంటారు. ప్లంబర్లు వాటర్ హ్యామర్ అంటారు.

1897-98లో రష్యన్ శాస్త్రవేత్త జుకోవ్‌స్కీ మాస్కో నీటి సరఫరా గొట్టాల మీద ప్రయోగాలు చేసి దీని లెక్క తేల్చాడు. సెకనుకు ఒక్క మీటరు వేగంతో పోయే నీటిని ఇనుప గొట్టంలో ఉన్నపళంగా ఆపితే ఒత్తిడి పది బార్లకు పైగా పెరుగుతుంది (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత). ఇళ్లలో మామూలుగా ఉండేది అంతకంటే చాలా తక్కువ. అంతకు వందేళ్ల ముందే, 1796లో, వేడిగాలి బెలూన్ ఎగరేసిన మోంగోల్ఫియే సోదరుల్లో జోసెఫ్ ఇదే దెబ్బను వాడుకుని, మోటారు లేకుండా నీళ్లను పైకెక్కించే హైడ్రాలిక్ ర్యామ్ తయారుచేశాడు. మా ఇంట్లో ఆ దెబ్బకు పైకెక్కింది బీపీ ఒక్కటే.

'టిక్కు టిక్కు' వేడినీళ్లు వదిలాక వస్తుంది. వేడినీళ్లకు వాడే సీపీవీసీ ప్లాస్టిక్ పైపు పది మీటర్లది నలభై డిగ్రీలు వేడెక్కితే సుమారు రెండున్నర సెంటీమీటర్లు సాగుతుంది. చోటివ్వకుండా క్లిప్పులు బిగిస్తే వాటిని రాసుకుంటూ జరుగుతుంది. పాపం, ఒళ్లు విరుచుకుంటోంది, అంతే.

'గుడగుడ' అలా వదిలేసేది కాదు. అవతల ఫ్లష్ నొక్కితే ఇవతల సింకు గుడగుడమందంటే, చాలాసార్లు మురుగు పైపుకు గాలి అందించే గొట్టం మూసుకుపోయిందని అర్థం. దిగిపోయే నీళ్లు గాలి అందక, సింకు కింది వంపులో నిలిచిన నీళ్లను గుటక వేస్తున్నాయి. మురుగు కంపుకూ మన ముక్కుకూ మధ్య ఉన్న తలుపు ఆ రెండు మూడంగుళాల నీళ్లే.

'బుస' ఫ్లష్ ట్యాంకుది. ట్యాంకులో కాస్త రంగు కలిపి, అరగంట ఎవరినీ నొక్కనివ్వకుండా కాపలా కాయండి. కింద రంగు దిగితే వాల్వు కారుతున్నట్టే. కాపలాయే కష్టం. మా ఇంట్లో అందరికీ ఆ అరగంటలోనే అవసరం పడింది. 'కీచు'మంటే ముందు వాషరు చూసుకోండి.

ఇంతవరకు రాసి, ఉపోద్ఘాతం మొదలుపెడుతుండగా మా ఆవిడ వచ్చింది. చప్పుడు ఎలా వస్తోందని ఆమె అడగలేదు.

"ఒరేయ్, మెషిన్ టైమర్ ఎన్నింటికి పెడుతున్నావురా?"

"పన్నెండుకమ్మా."

ఆ మెషిన్ ఉన్నది వరండాలో. 'ఢన్' పుట్టేది అక్కడ, పైపు పట్టుకుని నడిచొచ్చి బయటపడేది బాత్రూమ్‌లో. తవ్వితే తప్పు గోడ తవ్వేవాళ్లం. ఆవిడ మెషిన్ వెనక కుళాయిని కొద్దిగా బిగించి నీటి జోరు తగ్గించింది. పైపు వదులైనచోట ఓ క్లాంపు బిగించమని నాకు పని చెప్పింది. నిఘంటువు సంగతి అడగనేలేదు.

ఆ రాత్రి పన్నెండున్నరకి నలుగురం చెవులు రిక్కించి పడుకున్నాం. సరిగ్గా చెప్పాలంటే ముగ్గురం. 'గుర్రు' ఒక్కటే వినిపిస్తోంది.