చెరువు కొర్రమీనుకు పెల్లెట్లు నేర్పాలా, నేర్చుకున్న చేపనే కొనాలా?

చెన్నై కొళత్తూరులో ఒక మేడ మీద వెయ్యి లీటర్ల ట్యాంకు, పక్కన కంకర నింపిన తొట్లలో పాలకూర, గోంగూర. చేపలున్న నీళ్లు మొక్కలకు ఎరువు, మొక్కల దగ్గర తేరుకున్న నీళ్లు మళ్లీ చేపలకు, అదీ ఆక్వాపోనిక్స్. అందులో వేయడానికి తమ్ముడు చెరువులో వలకు పడ్డ కొర్రమీను పిల్లల్ని మాట్లాడుకుని వచ్చాడు. అక్క వద్దంటోంది. నా ఓటు ఎటో చదువుతుంటే మీకే తెలిసిపోతుంది, దాచడం నాకు రాదు.

తమ్ముడు: చెంబరంబాక్కం చెరువు పిల్లలక్కా, వేలెడంత ఉన్నాయి. పెద్దవైతే మొండికేస్తాయి గానీ ఈ వయసులో పెల్లెట్లు, అంటే గింజల్లా చేసిన మేత, అలవాటు చేయడం కష్టం కాదు.

అక్క: కొన్ని నేర్చుకుంటాయిలే, కాదనను. మిగతావాటి సంగతేంటి? కొర్రమీను వేటాడి తినే చేపరా, కదిలేదాని మీదే దూకుతుంది. నువ్వు వేసే గింజ కదలదు, పైగా గట్టిగా ఉంటుంది. నీ కొడుకు కాకరకాయ ముక్కను ఉమ్మేసినట్టు ఉమ్మేస్తుంది.

తమ్ముడు: మొదటి రోజే గింజ ఎవరు వేస్తారు? ముందు వానపాములు వేస్తాను. అవి తింటున్నాయంటే చిన్న చేపల్ని రుబ్బి ముద్ద చేసి పెడతాను, ఆ ముద్దలో మేత పొడి కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోతే రెండు మూడు వారాలకు చేప తక్కువ, పొడి ఎక్కువ అవుతుంది. ఆ తర్వాతే పెల్లెట్లు, అవి కూడా చేప రుబ్బిన నీళ్లలో నానబెట్టి, పంపు నీళ్లు పడే చోట వేస్తాను, అప్పుడు అవే కదులుతాయి. రోజూ అదే చోట, అదే టైముకి. ఒకటి తింటే చూసి మిగతావీ ఎగబడతాయి.

అక్క: ఎగబడతాయి, పక్క చేప మీద! ఇక్కడి సీబా (ఉప్పునీటి చేపల పెంపకం మీద పరిశోధన చేసే కేంద్ర సంస్థ) వాళ్లు 1997లో పండుగప్ప చేత హేచరీలో, అంటే చేపపిల్లల్ని పుట్టించే కేంద్రంలో, గుడ్లు పెట్టించారు కదా, హేచరీలో పుట్టిన ఆ పండుగప్ప పిల్లల్నే సైజువారీగా ఏరుతూ మేత నేర్పాలి, లేకపోతే పెద్దది చిన్నదాన్ని మింగేస్తుంది. మరి చెరువులో వేటాడి బతికినవి ఊరుకుంటాయా?

తమ్ముడు: నేనూ ఏరుతాను. రెండు రోజులు పస్తు పెడితే అవే దారికొస్తాయి.

అక్క: ఆకలేస్తే ముందు పక్కదాన్నే చూస్తాయి. కాస్త పెద్ద కొర్రమీనైతే వారాల తరబడి తినకుండా ఉండగలదు, నీ ఓపికే ముందు అయిపోతుంది. ఈలోగా నా పాలకూర గతేంటి? చేప తినకపోతే మొప్పల నుంచి అమ్మోనియా సరిగా రాదు, అది లేకపోతే దాన్ని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియాకు పనిలేదు, మొక్కకు ఆ నైట్రేట్ అందదు. అదే నువ్వు వేసిన చేప ముద్ద తినకుండా వదిలేస్తే అడుగున కుళ్లి, ఒక్కసారిగా అమ్మోనియా పెరిగి అసలుకే మోసం వస్తుంది. కొత్త ట్యాంకులో బాక్టీరియా కుదురుకోవడానికే నెల, నెలన్నర పడుతుంది.

తమ్ముడు: అందుకే వేరే టబ్బులో పెడతాను. తినడం వచ్చాకే ట్యాంకులోకి.

(ఇక్కడ తమ్ముడికి మార్కు వేయాల్సిందే. అక్క కూడా ఒక్క క్షణం ఆగింది.)

అక్క: అది ఎలాగూ తప్పదు. చెరువు చేపతో పాటు దాని ఒంటిని పట్టుకుని చేప పేను వస్తుంది, లంగరు పురుగు వస్తుంది. టబ్బులో అయితే వైద్యం చేయొచ్చు. ట్యాంకులోకి వచ్చాక వాటికి ఫార్మలిన్ మందు పోస్తే బాక్టీరియా దెబ్బతింటుంది, ఉప్పు ఎక్కువైతే ఆకుకూర పోతుంది.

తమ్ముడు: కరెంటు పోయినప్పుడు చూడు, నా చేప విలువ తెలుస్తుంది. పైకొచ్చి గాలి పీల్చుకునే చేప అది, పంపు ఆగినా బతికే ఉంటుంది.

అక్క: చేప బతుకుతుంది. కంకరలో బాక్టీరియాకు ఆక్సిజన్ ఎవరిస్తారు? దానికోసమైనా బ్యాటరీ పంపు కొనాలి.

తమ్ముడు: అయితే జిలేబి చేపలు పెంచమంటావా? 1952లో మన దేశానికి తెచ్చిన తిలాపియా, ఇప్పుడు ఏ చెరువులో చూసినా అదే. దానికోసం మేడ మీద ఇంత హంగామా ఎందుకు?

అక్క: జిలేబి ఏం పాపం చేసింది, ఏది వేసినా తింటుంది. సరే, నీకు కొర్రమీనే కావాలంటే హేచరీలో పెల్లెట్లు మరిగిన పిల్లల్ని కొను, కొనే ముందు మేత వేయించి కళ్లతో చూడు. ఆ మేతలో ప్రొటీన్ 40 శాతం పైనే ఉండాలి, ఖర్చు కూడా ముందే లెక్కేసుకో.

తమ్ముడు: ఒక పని చేస్తానక్కా. హేచరీ పిల్లలు కొన్ని తెచ్చి చెరువు పిల్లలతో కలిపి వదులుతాను. వాటిని చూసి ఇవి నేర్చుకుంటాయి.

అక్క: అది నడవొచ్చు. కానీ ముందు చెరువువి టబ్బులో విడిగా ఉండాలి, పేను లేదని తేలాకే కలపాలి, అన్నీ ఒకే సైజువి. అప్పటికీ పెల్లెట్ ముట్టనివి ఉంటాయి చూడు, వాటిని పులుసుకి పంపించు, మళ్లీ ముద్దలు రుబ్బుతూ కూర్చోకు.

తమ్ముడు: ఒప్పుకున్నట్టేనా?

అక్క: టబ్బు మీద వల కప్పాక అడుగు, కొర్రమీను గెంతుతుంది.