వంతెనకు అటు ఒక సీసా, ఇటు ఒక సీసా: పిల్లల సర్ది మందుతో జాగ్రత్త

మహారాష్ట్రలోని సిరొంచ తాలూకాలో పిల్లాడికి సర్ది చేస్తే మందు రెండు రాష్ట్రాల నుంచి వస్తుంది. ముందు ఊళ్లోని మెడికల్ షాపులో ఒక సీసా కొంటారు. తగ్గకపోతే గోదావరి వంతెన దాటి తెలంగాణలోని మహదేవపూర్‌కో భూపాలపల్లికో, ప్రాణహిత దాటి చెన్నూరుకో తీసుకెళ్తారు. జిల్లా కేంద్రం గడ్చిరోలి దాదాపు రెండు వందల కిలోమీటర్ల దూరంలో ఉంటే తల్లిదండ్రులు ఇంకేం చేస్తారు? చిక్కేమిటంటే, ఇక్కడ ఏం తాగించారో అక్కడి డాక్టరుకు తెలియదు. సీసాల మీద పేర్లు వేరు, డబ్బాల రంగులు వేరు. లోపలి మందు మాత్రం చాలాసార్లు ఒకటే.

2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో కోల్డ్‌రిఫ్ అనే దగ్గు, జలుబు సిరప్ తాగి ఇరవై మందికి పైగా పసిపిల్లలు చనిపోయారు. వాళ్లలో చాలామందికి చివరి వైద్యం మన నాగ్‌పుర్ ఆసుపత్రుల్లోనే జరిగింది. ఆ సిరప్‌లో కిడ్నీలను దెబ్బతీసే డైఇథిలీన్ గ్లైకాల్ 48.6 శాతం ఉన్నట్టు తమిళనాడు పరీక్షల్లో తేలింది. 0.1 శాతం దాటకూడని విషం అది. అప్పటి నుంచి సిరప్ అంటేనే ఇళ్లలో టెన్షన్. ఆ భయం న్యాయమైనదే, కానీ కల్తీని ఇంట్లో ఎవరూ కనిపెట్టలేరు, అది ప్రభుత్వాల పని. మోతాదు మాత్రం మన చేతిలో ఉంది. దాని గురించి మాట్లాడుకోవడమే తక్కువ.

మామూలు సర్ది సిరప్‌లలో చాలావాటిలో మూడు మందులు కలిసి ఉంటాయి: జ్వరానికి పారాసెటమాల్, ముక్కు కారకుండా క్లోర్‌ఫెనిరమైన్, ముక్కు దిబ్బడకు ఫినైల్‌ఎఫ్రిన్. దానికి తోడు జ్వరం సిరప్ విడిగా పోస్తే పారాసెటమాల్ రెండుసార్లు పడుతుంది. మితిమీరితే దెబ్బ తినేది కాలేయం. అవతలి డాక్టరు అలర్జీకని సెటిరిజిన్ రాస్తే, క్లోర్‌ఫెనిరమైన్‌తో కలిసి మత్తు పెరుగుతుంది. “మందు పడగానే హాయిగా పడుకున్నాడు” అని పెద్దవాళ్లు సంతోషిస్తారు. అది జబ్బు తగ్గడం కాదు, మందు మత్తు.

ఒక లెక్క చూడండి. పది కిలోల బిడ్డకు పారాసెటమాల్ ఒక మోతాదు, కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున, 150 మిల్లీగ్రాములు. చుక్కల మందులో మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు ఉంటే ఒకటిన్నర మిల్లీలీటరు చాలు. 5 మిల్లీలీటర్లకు 250 మిల్లీగ్రాములు ఉన్న సిరప్ అయితే మూడు మిల్లీలీటర్లు, 125 ఉన్నదైతే ఆరు పోయాలి. అదే బిడ్డ, అదే మందు, మూడు కొలతలు. పాత సీసా అయిపోయి కొత్తది తెచ్చినప్పుడు, “ఎప్పటిలాగే ఒక మూత” అనడంలో ప్రమాదం ఇదే. వంటింటి చెంచాలైతే ఏ రెండూ ఒక కొలత కావు. సీసాతో వచ్చిన కొలత మూతో, సూది తీసేసిన సిరంజో వాడాలి.

సీసా మీద కంపెనీ పెట్టిన పేరు కన్నా మందు అసలు పేరు పెద్ద అక్షరాల్లో ఉండాలని 2018లో కేంద్రం నిబంధన తెచ్చింది. కానీ మూడు, అంతకు మించి మందులు కలిసిన వాటికి మినహాయింపు ఇచ్చింది. అంటే అసలు పేర్లు బాగా కనబడాల్సిన సర్ది సిరప్‌లకే వెసులుబాటు! ఇది నాకు ఎంతమాత్రం మింగుడుపడదు. పైగా ఆ అక్షరాలు ఇంగ్లిషులో ఉంటాయి. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ ఉన్న తల్లి వాటిని ఎలా చదవాలి?

వయసు సంగతీ అంతే ముఖ్యం. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిసిన మందును నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడొద్దని 2023 డిసెంబరులోనే ఔషధ నియంత్రణ సంస్థ చెప్పింది. రెండేళ్ల లోపు వాళ్లకు దగ్గు, జలుబు మందులు రాయవద్దని, ఐదేళ్ల లోపు వాళ్లకూ సాధారణంగా అక్కర్లేదని 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ సూచించింది. మామూలు జలుబు వారం పది రోజుల్లో దానంతటదే పోతుంది. ముక్కులో సెలైన్ చుక్కలు, గోరువెచ్చని నీళ్లు, ఏడాది దాటిన పిల్లలకు కాస్త తేనె సరిపోతాయి. ఏడాది లోపు తేనె అసలు నాకించకూడదు. దద్దుర్లు, దురద, ఆగని తుమ్ములు అలర్జీ దారి. దానికి సెటిరిజిన్ పనికొస్తుంది గానీ, వయసును, బరువును బట్టి డాక్టరు చెప్పిన మోతాదులోనే.

మెడికల్ షాపులవాళ్లు మందు ఎన్ని మిల్లీలీటర్లు, రోజుకు ఎన్నిసార్లు అన్నది సీసా మీద పెన్నుతో తెలుగులో రాసిస్తే ఖర్చేమీ కాదు. సిరొంచ వైపు ఆశా కార్యకర్తలు చాలామంది తెలుగు మాట్లాడతారు, ఇళ్లకు వెళ్లినప్పుడు గూట్లో ఉన్న సీసాలు ఒకసారి చూడమని వాళ్లకు ఆరోగ్య శాఖ చెప్పాలి. నది దాటేటప్పుడు ఇంట్లో వాడుతున్న సీసాలన్నీ సంచిలో వేసుకుని వెళ్లి డాక్టరు ముందు పెట్టండి. ఇక బిడ్డ కడుపు కదలడం చూస్తూ పూర్తిగా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40, లేదా అంతకు మించితే, పక్కటెముకల కింద గుంటలు పడుతుంటే, పాలు తాగకపోతే, అది సిరప్‌తో పోయే జలుబు కాదు. ఏ రాష్ట్రంలో దగ్గరుంటే ఆ రాష్ట్రంలోని ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్లాలి.