శ్రీయుత డిఫర్డ్ గారికి

అయ్యా,

న్యూజెర్సీ నుంచి, మిలిటరీ కాలేజీలో సీటుకి దరఖాస్తు పెట్టుకున్న ఒక ట్వెల్త్ గ్రేడ్ పిల్ల తల్లి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మా ఆనవాయితీ. కానీ డిసెంబరులో మీరు మా ఇంట్లో కాలు పెట్టిన దగ్గర్నుంచి మా కుశలం ఏమిటో మాకే తెలియడం లేదు. చలి తగ్గాక కబురు చేస్తామన్నారు కదా, అప్పటిదాకా కుశలాన్ని కూడా పెండింగులో పెట్టాం.

మీరొచ్చిన సాయంత్రం నేను పప్పుకి తాలింపు పెడుతున్నాను. మా పిల్ల ఫోను పట్టుకుని మెట్లు దిగొచ్చింది. మొహం చూస్తే ఏడుస్తున్నట్టూ లేదు, నవ్వుతున్నట్టూ లేదు.

“ఏమైందే?”

“డిఫర్డ్.”

“అంటే? వచ్చినట్టా, రానట్టా?”

“రానట్టు కాదమ్మా.”

“అయితే వచ్చినట్టే కదా!”

“వచ్చినట్టూ కాదు.”

ఈలోగా ఎండుమిరపకాయలు మాడిపోయి ఇంటిల్లిపాదికీ దగ్గు. పొగ అలారం మోగింది. ఆ సాయంత్రం మా ఇంట్లో ఉన్నదున్నట్టు మాట్లాడింది ఆ అలారం ఒక్కటే.

మీ ఉత్తరం పదిసార్లు చదివాను. మొదటి పేరాలో పొగడ్త, రెండో పేరాలో ‘అయితే’, మూడో పేరాలో మళ్ళీ పొగడ్త. మా ఊళ్ళో పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు ఉప్మా, పకోడీ తిని, కాఫీ తాగి, లేస్తూ లేస్తూ “ఇంటికెళ్ళి పెద్దవాళ్ళతో మాట్లాడి కబురు చేస్తాం” అనేవాళ్ళు. ఆ మాటకి అర్థం వీధిలో కుక్కకి కూడా తెలుసు. మీతో వచ్చిన చిక్కేమిటంటే, మీరు ఆ మాట నిజంగా అంటున్నారు! నిజంగానే ఇంటికెళ్ళి మాట్లాడతారట. ముందుగా పెట్టుకున్న దరఖాస్తుని, మామూలు గడువుకి పెట్టుకున్న రెగ్యులర్ వాళ్ళ గుంపులో కలిపి, ఈ సెమిస్టర్ మార్కులు తెప్పించుకుని, మళ్ళీ మొదట్నుంచీ చూస్తారట. అబద్ధమని తేలితే ఈపాటికి ఇంకో సంబంధం చూసుకునేవాళ్ళం కదండీ.

అయినా మీరు నాకు కొత్త కాదు. పదిహేడేళ్ళుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగులో ఉన్నాను. ప్రోగ్రాముల్లో తప్పులు రాసిపెట్టుకునే మా బగ్ ట్రాకర్లో ఒక్కో బగ్గుకి ఒక్కో స్టేటస్: ఓపెన్, ఫిక్స్‌డ్, క్లోజ్‌డ్, రిజెక్టెడ్. వాటి మధ్యలో తమరు. బగ్గు నిజమే, కాదని ఎవరూ అనడం లేదు, కానీ ఈ రిలీజులో కాదు. అదీ తమరి అర్థం. రిజెక్ట్ చేస్తే బగ్గు రాసినవాడు దెబ్బలాటకొస్తాడు. ఫిక్స్ చెయ్యమంటే డెవలపర్ దెబ్బలాటకొస్తాడు. మిమ్మల్ని తగిలిస్తే ఎవరూ రారు, మీటింగు లంచ్ టైముకి అయిపోతుంది. ఎన్ని వందలసార్లు మిమ్మల్ని తగిలించి చేతులు దులుపుకున్నానో నాకే లెక్క లేదు. 2019లో అలా తగిలించిన ఒక బగ్గు ఇప్పటికీ అక్కడే పడి ఉంది. దాన్ని రాసినతను ఉద్యోగం మారిపోయి, ఇల్లు కూడా కొనుక్కున్నాడు. పిల్ల నోట మీ పేరు వినగానే నాకు గుర్తొచ్చింది ఆ బగ్గే. మర్నాడు ఆఫీసుకెళ్ళి దాన్ని మళ్ళీ ఓపెన్ చేశాను. ఇప్పుడెందుకని మేనేజరు అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు.

ఇంతకీ మా పిల్ల అడిగింది గొంతెమ్మ కోరికేం కాదు. యూనిఫాం వేసుకుంటానంది. అమెరికాలో అందుకు ఐదు అకాడమీలున్నాయి. 1802 నాటి వెస్ట్ పాయింట్ ఆర్మీది, 1845 నాటి అనాపొలిస్ నేవీది, కొలరాడో స్ప్రింగ్స్‌లో ఎయిర్ ఫోర్స్ ది, న్యూ లండన్‌లో కోస్ట్ గార్డ్ ది, కింగ్స్ పాయింట్‌లో సరుకు ఓడల మర్చంట్ మెరైన్ ది. మిమ్మల్ని మా ఇంటికి పంపింది ఎవరో చెప్పను. పిల్ల ఇంకా ఆ గుమ్మంలోనే నిలబడి ఉంది కదా! వెస్ట్ పాయింట్ లాంటిచోట చదువు, తిండి, బస అన్నీ ప్రభుత్వానివే, పైగా నెలనెలా జీతం. ‘ఫీజు లేదా?’ అని మా చుట్టాలకి నచ్చిన మాట అదొక్కటే. చదువయ్యాక కనీసం ఐదేళ్ళు సర్వీసు చెయ్యాలనేసరికి మళ్ళీ మౌనం.

మాది మిలిటరీ మాధవరం కాదండి, ఇంటికో సైనికుడు ఉండటానికి. మా వీధిలో ఇంటికో జావా డెవలపర్. డిప్లాయ్‌మెంట్ అంటే మాకు శుక్రవారం రాత్రి సర్వర్ మీదకి కోడ్ ఎక్కించడం. అదే మాట పిల్ల నోట సైనికుల్ని పంపడమన్న అర్థంలో విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

దారి కూడా మీవాళ్ళు తిన్నగా పెట్టలేదు. కోస్ట్ గార్డ్ అకాడమీకి తప్ప మిగతా నాలుగింటికీ నామినేషన్ కావాలి. అంటే మన ప్రాంతం కాంగ్రెస్ సభ్యుడో, రాష్ట్రం సెనేటరో ఈ పిల్ల పేరు పంపాలి. ఈ సంగతి ఫోన్లో చెప్తే మా అత్తగారు “ఓస్, తిరుమల బ్రేక్ దర్శనానికి ఎమ్మెల్యే లెటర్ లాంటిదా?” అన్నారు. నిజం చెప్పొద్దూ, మేమూ అదే అనుకున్నాం. తీరా చూస్తే ఈ లెటర్ కోసమే వ్యాసాలు రాయాలి, ఇంటర్వ్యూకి వెళ్ళాలి. వెస్ట్ పాయింట్ లాంటిచోట ఒక్కో సభ్యుడి కోటాలో ఒకసారికి ఐదుగురికి మించి చదవకూడదు. అన్నీ కుదిరి లెటర్ చేతికొచ్చినా అది క్యూలోకి రానివ్వడానికే. తిరుమలలో అయితే ఈపాటికి లడ్డూ కూడా తినేసేవాళ్ళం.

వైద్య పరీక్షలు చూసే బోర్డు ఇంకోటి. డాడ్‌మర్బ్ అంటారు, ఏదో తండ్రికి సంబంధించిన జబ్బులాగ. ఆ ఫారాలు నింపేటప్పుడు, మీకొక్కరికే చెప్తున్నాను, నాకు కొంచెం ఆశ కలిగింది. మా వంశంలో కళ్ళజోడు లేని మనిషి లేడు. అదే అడ్డం పడుతుందనుకున్నాను. జోడు పెట్టుకుంటే సరిగ్గా కనిపిస్తే చాలట.

ఇక దేహదారుఢ్య పరీక్ష. మైలు పరుగు సరే, అర్థమైంది. మోకాళ్ళ మీద కూర్చుని బాస్కెట్‌బాల్ ఒంటిచేత్తో ఎంత దూరం విసరగలరో కొలుస్తారెందుకండీ? ఏ యుద్ధంలో ఎవరి మీద విసరాలి? ఆ ప్రాక్టీసుకి మా గరాజ్ తలుపు సొట్టలు పడింది. పులప్స్ కోసం మా ఇంట్లో బార్ బిగించడానికి సరిపోయిన గుమ్మం ఒక్కటే దొరికింది, పూజగదిది. ప్లాస్టిక్ మామిడాకుల తోరణానికి జానెడు పైన ఇనప బార్. పొద్దున్న ఐదున్నరకి పిల్ల దానికి వేలాడుతుంటే తోరణం తలకి తగిలి గలగలమంటుంది. లోపల వేంకటేశ్వరస్వామి పటం, బయట గాలిలో రెండు పాదాలు. దీపం పెట్టాలంటే ఆ పాదాల కింద నుంచి వంగి వెళ్ళాలి.

ఇన్ని దాటాక కూడా చేరితే దొరికే గౌరవం ఏమిటని విచారించాను. మొదటి వేసవిని వెస్ట్ పాయింట్‌లో బీస్ట్ బారక్స్ అంటారు, అనాపొలిస్‌లో ప్లీబ్ సమ్మర్, కోస్ట్ గార్డ్ వాళ్ళు స్వాబ్ సమ్మర్. స్వాబ్ అంటే నేల తుడిచే గుడ్డ! పదిహేడేళ్ళొచ్చినా తన మంచం మీద దుప్పటి మడతపెట్టని పిల్ల, తుడుపుగుడ్డ అనిపించుకోవడానికి ఇన్ని పరీక్షలు రాసి, అక్కడా వెయిటింగులో ఉంది.

మా ఆయనకి మీరంటే ఒళ్ళు మంట. ఆయన ఇరవై రెండో ఏట ఇండియాలో సైన్యం ఆఫీసర్ల ఎంపికకి, అదే ఎస్.ఎస్.బి.కి వెళ్ళొచ్చారు. “మాకు ఐదో రోజే తేల్చేసేవాళ్ళు. కాన్ఫరెన్స్ అయ్యాక అందర్నీ కూర్చోబెట్టి, సెలెక్టయినవాళ్ళ చెస్ట్ నంబర్లు చదువుతారు. నీది చదవలేదా, ఆ నంబరు జాకెట్ విప్పి ఇచ్చేసి స్టేషనుకి బయల్దేరడమే. సాయంత్రానికి రైల్లో ఉంటాం” అంటారు. ఆ రైల్లో ఆయన ఏం చేశారో ఎప్పుడూ చెప్పలేదు. చెస్ట్ నంబరు మాత్రం చెప్తారు, పదకొండు. మా వైఫై పాస్‌వర్డ్ చివర ఆ అంకె ఎందుకుందో నాకు అర్థమవడానికి చాలా ఏళ్ళు పట్టింది.

పిల్లని ఓదార్చే బాధ్యత ఆయనదే. భోజనాల దగ్గర చరిత్ర పాఠం మొదలవుతుంది. తరవాత అమెరికా ప్రెసిడెంటైన ఐసెన్‌హోవర్ అసలు నేవీ అకాడమీకి వెళ్దామనుకున్నాడు, వయసు దాటిపోయిందన్నారు, 1911లో వెస్ట్ పాయింట్‌లో చేరాడు. ఇంకో ప్రెసిడెంటు జిమ్మీ కార్టర్ రెండు కాలేజీల్లో చదివాక గాని 1943లో అనాపొలిస్‌లో అడుగుపెట్టలేదు. ఈ ఏడు కాకపోతే కాలేజీలో చేరి, చదువుతో పాటే ఆఫీసరు శిక్షణ ఇచ్చే ఆర్.ఓ.టి.సి. చెయ్యొచ్చు, వచ్చే ఏడు మళ్ళీ అప్లై చెయ్యొచ్చు. పిల్ల అంతా విని, “డాడీ, పెరుగు” అంటుంది.

ఊళ్ళోవాళ్ళ సంగతి వేరు. సంక్రాంతి పాట్‌లక్‌లో ఒకావిడ “మీ అమ్మాయికి వచ్చిందా?” అంది. డిఫర్డ్ అన్నాను. “అబ్బ, ఎంత నయం! మావాడి కాలేజీలో మొత్తం ఫీజు ముందే కట్టించుకున్నారు” అంది. వాయిదా పడింది ఫీజు కాదని నేను దిద్దలేదు. ఆవిడ ఇంకో అరిసె వేసింది, తిన్నాను.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. మీరు ఎక్కడ పుట్టారో అకాడమీ వాళ్ళకి తెలియదు. మీకూ తెలియకపోవచ్చు. నాకు తెలుసు.

పోయిన వేసవిలో ఇండియా వెళ్ళినప్పుడు మా అత్తగారు చిల్కూరు బయల్దేరదీశారు. హైదరాబాదు పక్కనే, వీసాల బాలాజీ. అక్కడ హుండీ లేదు, వి.ఐ.పి. దర్శనం లేదు, ఏ ఎమ్మెల్యే లెటరూ చెల్లదు. కోరిక చెప్పుకుని పదకొండు ప్రదక్షిణాలు, తీరాక వచ్చి నూట ఎనిమిది. అత్తగారు ముందు, నేను రెండడుగులు వెనక. ఆవిడ మోకాళ్ళ నొప్పులతో, బయటికి వినిపించేలాగే, “స్వామీ, మా మనవరాలికి ఆ మిలిటరీ కాలేజీలో సీటు రావాలి” అనుకుంటూ తిరిగారు. పిల్లకి ఏం కావాలో దానికోసం మొక్కడం తప్ప, అది మంచిదా కాదా అన్న సందేహం ఆవిడకి రాదు. నేనూ తిరిగాను, పదకొండూ లెక్కపెట్టి. పెదవులు మాత్రం కదపలేదు. స్వామీ, ఇది రాకుండా చూడు, రాలేదని అది ఏడవకుండా చూడు.

ఒకే పిల్ల, ఒకే రోజు, ఒకే గుడి చుట్టూ ఒకదాని వెనకొకటి రెండు అర్జీలు. ఆయన మాత్రం ఏం చేస్తాడండీ? రిజెక్ట్ చేస్తే ఒకరు దెబ్బలాటకొస్తారు, ఫిక్స్ చేస్తే ఇంకొకరు. మిమ్మల్ని తగిలించి పంపాడు.

మీరొచ్చాక పిల్ల ఏడవలేదు. నా అర్జీలో ఆ సగం ఎవరో చూసినట్టే ఉన్నారు. మర్నాడు పొద్దున్న గలగల వినిపించదనుకుని మేలుకుని పడుకున్నాను. ఐదున్నరకి వినిపించింది. అంతకు ముందు రోజుదాకా ఏడు దగ్గర ఆగేది. చీకట్లో మంచం మీద నుంచే లెక్కపెట్టాను. ఎనిమిది. తొమ్మిదోది సగం దాకా వచ్చి ఆగినట్టుంది, తోరణం మోగలేదు, బార్ మాత్రం కిర్రుమంది. ‘ఎక్కు, ఎక్కు’ అని నా నోటి నుంచే వచ్చింది. పక్కన మా ఆయన కూడా మేలుకునే ఉన్నారని అప్పుడు తెలిసింది.

మొన్న ఆదివారం అత్తగారు వీడియో కాల్ చేశారు. నూట ఎనిమిది గళ్ళున్న చిల్కూరు చీటీ ఒకటి ముందే కొని పర్సులో పెట్టుకున్నారట, పెన్నుతో సహా. “అమ్మాయ్, ఇంతకీ ఆ ఉత్తరం లెక్కకొస్తుందా, రాదా? నూట ఎనిమిదీ చెయ్యనా? పోనీ సగం వచ్చినట్టే అంటున్నారు కదా, ఇప్పుడు యాభై నాలుగు చేసొచ్చి మిగతావి తరవాత చెయ్యనా?” అని అడిగారు. ఆ మోకాళ్ళతో! వద్దత్తయ్యా, కబురొచ్చేదాకా ఆగండి అన్నాను.

అక్కడితో ఊరుకుంటే పోయేది. “అత్తయ్యా, ఈసారి వెళ్ళినప్పుడు పూజారి గారిని ఒక మాట అడుగుతారా? ఒకసారి చేసిన పదకొండు ప్రదక్షిణాలని వెనక్కి తీసుకోవచ్చో లేదో” అన్నాను.

అత్తగారు కళ్ళజోడు పైకి తోసుకుని ఫోనుకి దగ్గరగా వచ్చారు. తెర నిండా ఆవిడ కళ్ళే.

“ఎవరి పదకొండే?”

ఇక్కడ సిగ్నల్ సరిగ్గా లేదని చెప్పి ఫోను పెట్టేశాను.

ఇట్లు,
తమరి కబురు కోసం ఎదురుచూస్తున్న,
ఏ కబురు కోసమో మాత్రం ఇంకా తేల్చుకోని,
ఒక తల్లి