హెచ్.ఎం. గారూ, మీ టీచర్లను ఎప్పుడైనా అడిగారా?

ఊరికి దూరంగా ఉంటున్న మన సంఘాల తరఫున కోనసీమ బడులకు ఏటా ఏదో ఒకటి పంపుతూనే ఉన్నాం. బెంచీలు, కంప్యూటర్లు, మంచినీళ్ల ప్లాంటు. 2019లో మొదలైన నాడు-నేడు అనే ప్రభుత్వ బడుల బాగుచేత పథకంతో చాలా బడుల రూపు కూడా మారింది. ఆ గదుల్లో పాఠం చెప్పే మనిషికి పొద్దున్నే హుషారుగా బడికి రావాలని ఎందుకు అనిపిస్తుంది, ఎందుకు అనిపించదు అని అడిగేవాళ్లు మాత్రం తక్కువ. ఆ అడగాల్సింది ముందుగా హెడ్మాస్టరే అని నా అభిప్రాయం.

జీతం బాగుంటే చాలదా అంటారు కొందరు. అమెరికాలో మనస్తత్వవేత్త హెర్జ్‌బర్గ్ 1959లో ఇంజనీర్లు, అకౌంటెంట్ల మీద చేసిన అధ్యయనం, 1967లో విద్యా పరిశోధకుడు సెర్జియోవాన్నీ టీచర్ల మీద చేసిన అధ్యయనం దాదాపు ఒకే మాట చెప్పాయి. పై అధికారి తీరు, ఆఫీసు నిబంధనల లాంటివి బాగోకపోతే మనిషి విసిగిపోతాడు. అవి బాగున్నంత మాత్రాన పని మీద ప్రేమ పుట్టదు. ఏదో సాధించానన్న తృప్తి, చేసినదానికి గుర్తింపు ఉంటేనే అది పుడుతుంది.

ఆ గుర్తింపు అందరికీ ఒకేలా ఉండదు. వరద రోజుల్లో పడవెక్కి గోదావరి మధ్య లంక ఊరి బడికి వెళ్లే టీచరమ్మకు సెప్టెంబర్ 5న కప్పే శాలువా కంటే, ఆ వారం మొదటి పీరియడ్ వేరేవాళ్లకు మార్చడమే పెద్ద గౌరవం. డీఎస్సీలో కొత్తగా వచ్చిన కుర్రాడికి తన పద్ధతిలో లెక్కలు చెప్పనిస్తే చాలు. 62 ఏళ్లకు రిటైరవబోయే మాస్టారిని "మీరేమంటారండీ?" అని సలహా అడిగితే ఆయన ఆ రోజంతా ఉత్సాహంగా ఉంటారు. పక్కన కూర్చుని అడగనిదే ఇవేవీ తెలియవు.

హెచ్.ఎం.లకూ తీరిక లేదు, నిజమే. యాప్‌లో హాజరు, ఫోటోలు, భోజనం లెక్కలు. లంకల గన్నవరంలో ఆకలన్నవాళ్లందరికీ అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరు బడి భోజనానికి పెట్టడం మాకు ఎంతో గర్వం, కానీ ఆ రిపోర్టులు నింపేసరికి సగం పూట గడిచిపోతుంది. జీతాలు, బదిలీలు వాళ్ల చేతిలో లేవు. టైంటేబుల్ ఉంది. ఎవరికి ఏ క్లాసు ఇవ్వాలన్నదీ చాలావరకు వాళ్ల చేతిలోదే. క్లాసు చూసొచ్చాక "ఆ భిన్నాల పాఠం పిల్లలకు బాగా ఎక్కిందండీ" అని ఫలానా విషయం పట్టుకుని చెప్పడానికి ఏ జీవో అక్కర్లేదు.

నెలకోసారి ఒక్కొక్కరితో పావుగంట, రిజిస్టరు పక్కన పెట్టి మాట్లాడాలి. ఏ పీరియడ్ తృప్తినిచ్చింది, ఏది అడ్డొస్తోంది అని అడగాలి. వాళ్లు చెప్పినవాటిలో ఒక్కటైనా ఆ నెలలోనే చేసి చూపించాలి. లేదంటే మరుసటి నెల "అంతా బాగానే ఉందండీ" అని లేచి వెళ్లిపోతారు.

మన వంతుగా, పంపే విరాళంలో కొంత భాగం ఎలా ఖర్చుపెట్టాలో టీచర్లకే వదిలేద్దాం. సంక్రాంతికి ఊరెళ్లేవాళ్లు బడికి సెలవులివ్వకముందే చేరుకుంటే, స్టాఫ్‌రూంలో కూర్చుని వాళ్ల మాట నేరుగా వినొచ్చు.