కుక్క మలం గెత్తంలో కలపొచ్చా?

వాదాంశం: ఇంటి తడిచెత్తతో పాటు కుక్క, పిల్లి మలాన్ని కూడా పెరట్లోనే ఎరువు చేసుకోవచ్చా? శ్రీకాకుళంలో మిద్దెతోట పెంచే పైడిరాజు చేసుకోవచ్చంటారు. పశువైద్యశాలలో పనిచేసిన సరోజిని కూడదంటారు.

పైడిరాజు: వంటింటి చెత్త నేను గుమ్మం దాటనివ్వను. డ్రమ్ము చుట్టూ బెజ్జాలు, ఒక పాలు తడిచెత్తకి రెండు పాళ్లు ఎండుటాకులు, వారానికోసారి తిరగెయ్యడం. రెండు నెలల్లో నల్లటి ఎరువు. కంపు కొట్టిందంటే తడి ఎక్కువై గాలాడలేదని అర్థం, ఇంకో రెండు దోసిళ్ల ఆకులు వేస్తే సరిపోతుంది. మరి కుక్కది మాత్రం ప్లాస్టిక్ కవర్లో కట్టి చెత్తబండికెందుకు ఇవ్వాలి సరోజినమ్మా? ఆవుపేడ గెత్తం తాతల నాటి నుంచి పొలాలకి తోలుతున్నాం కదా!

సరోజిని: పేడా ఇదీ ఒకటి కాదు అన్నయ్యా. కుక్క పేగుల్లో ఉండే ఏలికపాములు, కొంకిపురుగులు మనుషులకీ అంటుతాయి. ఏలికపాము గుడ్డు పెంకు గట్టిది, తడిమట్టిలో ఏళ్ల తరబడి బతికుంటుంది. కొంకిపురుగు పిల్లయితే వట్టికాళ్లతో ఆడుకునే పిల్లల అరికాల్లోంచి దూరుతుంది. చర్మం కింద ఎర్రటి గీత వంకర్లు తిరుగుతూ రోజురోజుకీ ముందుకి పాకుతుంది. రాత్రంతా ఒకటే దురద.

పైడిరాజు: మూడు నెలలకోసారి నులిపురుగుల మందు వేయిస్తున్నాను. అయినా వేడికి చస్తాయి కదా? అలాస్కాలో ఫెయిర్‌బ్యాంక్స్ దగ్గర, మంచు మీద బళ్లు లాగే కుక్కల మలాన్నే కంపోస్టు చేశారు. రెండు పారల మలానికి ఒక పార రంపపు పొట్టు. కుప్ప 60 డిగ్రీల దాకా వేడెక్కింది. అంత చలిదేశంలో అయింది, మన ఎండలకి అవదా?

సరోజిని: అది ఎండ వేడి కాదు, కుప్పలో సూక్ష్మజీవులు పుట్టించే వేడి. అది నిలవాలంటే కుప్ప పొడవూ వెడల్పూ ఎత్తూ మూడేసి అడుగులైనా ఉండాలి. వాళ్లకి మందల కొద్దీ కుక్కలు. మీకున్నది ఒక్కటి, రోజుకి సుమారు 300 గ్రాములు. మీ కుప్ప ఆ ఎత్తుకి వచ్చేసరికి అడుగుది ఎప్పుడో చల్లారిపోతుంది. అంత వేడి చేసిన వాళ్లు కూడా ఆ ఎరువు తినే పంటలకి వెయ్యొద్దనే చెప్పారు. మందు వేయించడం మంచిదే. అయితే ఈ మోతాదుకీ పై మోతాదుకీ మధ్య వీధిలో మళ్లీ అంటించుకోదన్న భరోసా లేదు.

పైడిరాజు: సరే, డ్రమ్ములో కలపను. వేరే గొయ్యి తవ్వుతాను. 20 లీటర్ల పెయింటు బకెట్ అడుగు కోసేసి, పక్కలకి బెజ్జాలు పెట్టి, రెండున్నర అడుగుల గోతిలో కంకర పోసి దించుతాను. మూత నేల పైకి. వేసినప్పుడల్లా చెంబుడు నీళ్లు. ఎరువు తియ్యను, మట్టిలోకే ఇంకిపోతుంది.

సరోజిని: వేసవిలో ఇంకుతుంది. వానల్లో నాగావళి నిండుగా పారేటప్పుడు ఒడ్డు వీధుల్లో బావినీళ్లు ఎంత పైకొస్తాయో చూస్తారుగా. ఊట గోతిలోకే వస్తుంది. బంకమట్టి అయితే నీరు దిగక నిలిచిపోయి కంపు, దోమలు. ఉద్దానంలో ఇసుక నేల కాబట్టి చకచకా దిగుతుంది, కాని అంతే చకచకా బావిలోకీ చేరుతుంది. బావికీ బోరుకీ కనీసం 50 అడుగుల దూరం ఉండాలి.

పైడిరాజు: మరి మీరు చెప్పేదేటి? ప్లాస్టిక్ కవరేనా?

సరోజిని: కాదు, కమోడ్. రేకు చేటతో ఎత్తి అందులో వేసి బకెట్టు నీళ్లు కొట్టండి. మలం ఒక్కటే వెళ్లాలి. కాగితం, కవరు, ఇసుక పడకూడదు. కంపోస్టబుల్ అని రాసున్న సంచీ కూడా వద్దు. అది పెద్ద ప్లాంట్ల వేడికి చివికే రకం, మీ సెప్టిక్ ట్యాంకులో అడ్డంపడుతుంది.

పైడిరాజు: ట్యాంకు ఉన్నవాళ్లకి బాగానే ఉంది. దొడ్డి గొట్టం తిన్నగా వీధి కాలవలో కలిపేసిన ఇళ్ల మాటేటి? మీ కమోడ్ తిరిగి నాగావళిలోనే తేలుతుంది.

సరోజిని: ఆ మాట ఒప్పుకుంటాను. అలాంటి ఇళ్లు పాత పేపర్లో రెండు మడతలు చుట్టి, డైపర్లతో పాటు విడిగా ఇవ్వాలి. తడిచెత్త బుట్టలో మాత్రం వద్దు, అది ఎరువుకే పోతుంది.

పైడిరాజు: పిల్లికైతే నా మాటే నెగ్గుతుంది. పిల్లి దొడ్డికెళ్లే ట్రేలో పొయ్యడానికి కొనే మట్టి గుళికలు గనుల్లోంచి తవ్వి తెచ్చినవి, ఎన్నేళ్లున్నా చివకవు. కవిటి, సోంపేట వైపు కొబ్బరి పొట్టుకి కొదవేటి? ట్రేలో రెండంగుళాల మందాన పోస్తే చాలు.

సరోజిని: పొట్టు మంచిదే. బాగా ఎండినదై ఉండాలి, లేకపోతే బూజు పడుతుంది. కాళ్లకి అంటుకుని ఇల్లంతా రాలుతుంది, ట్రే ముందు గోనెసంచి పరచండి. మలం ఏరోజుకారోజు తీసెయ్యాలి. పిల్లి మలంలో వచ్చే టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి అంటించే స్థితికి రావడానికి ఒకరోజైనా పడుతుంది, ఈలోపే తీసేస్తే ప్రమాదం చాలా తగ్గుతుంది. గర్భిణులు ఆ పని ముట్టుకోకూడదు. వాడిన పొట్టు కూడా డ్రమ్ములోకి వెయ్యొద్దు.

పైడిరాజు: డ్రమ్ము వదిలేశాను. గొయ్యి మాత్రం వదలను. డిసెంబరు నుంచి మే దాకా గొయ్యి, వానల్లో కమోడ్.

సరోజిని: మీ బావి నుంచే కాదు, పక్కింటి వాళ్ల బావి నుంచి కూడా ఆ 50 అడుగులు కొలిచి తవ్వండి అన్నయ్యా.