రెండో ఆవిష్కరణ

మొన్న ఆదివారం పొద్దున ఆరున్నరకు నేనొక విగ్రహాన్ని కనుగొన్నాను. ఎంతో బాధ్యతతో రాస్తున్న మాట ఇది. పొలం దున్నుతుంటే నాగటి కర్రుకు తగిలింది కాదు, పురావస్తు శాఖవారు తవ్వి తీసిందీ కాదు. హైదరాబాద్‌లో, మా వీధి చివర, నాలుగు రోడ్లు కలిసేచోట పట్టపగలు నిలబడి ఉన్నదే. ఆ పేటలో కాపురం పెట్టి 19 ఏళ్లయింది. పోనూ రానూ రోజుకు రెండుసార్లు, సెలవులు తీసేసినా పదివేలసార్లకు తక్కువ కాకుండా దాని చుట్టూ బండి తిప్పి ఉంటాను. చూడలేదు. కొలంబస్ నాలుగుసార్లు ఓడ ఎక్కి నాలుగుసార్లూ ఇండియాను తప్పిపోయాడని నవ్వుకుంటాం. నా లెక్క ముందు ఆయనెంత!

ఈ ఘనతలో సగం వాటా షుగర్‌ది. పరగడుపున 168 వచ్చేసరికి డాక్టరు రోజుకు నలభై నిమిషాలు నడవమన్నాడు. మిగతా సగం గాలిది. విగ్రహం ముందు మా పేట యువనాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టి ఉంది. పుట్టినరోజు వెళ్లి రెండు నెలలైంది, ఫ్లెక్సీ మాత్రం అలాగే ఉంది. మధ్యలో నాయకుడి ముఖం సూర్యుడంత, చుట్టూ పద్నాలుగు చిన్న ముఖాలు, ఎవరి హోదాకు తగ్గ సైజులో వాళ్లు. గాలికి దాని కింది మూల లేచింది. నాయకుడి నడుము కింద రెండు పాదాలు కనిపించాయి.

పాదాలంటే మామూలు పాదాలు కావు. చెప్పులు వేసుకున్న పాదాలు. బొటనవేలికి గోరు ఉంది. గోరు పక్కన, చెప్పు ఉంగరం ఒరుసుకున్నచోట, చర్మం కాస్త ఉబ్బి ఉంది. సిమెంటులో ఎవరో ఆ ఉబ్బు చేశారు! ఎవరు చూస్తారని చేశారో! నేను ఫ్లెక్సీ పక్కకు జరిపి పైకి చూశాను. పంచె కుచ్చిళ్లు, ఉత్తరీయం, గుండ్రటి కళ్లజోడు. కుడిచేతిలో మూసిన పుస్తకం, దాని పేజీల మధ్య ఇరుక్కున్న చూపుడువేలు. చదువుకుంటూ ఉంటే ఎవరో పిలిచారు, 'ఒక్క నిమిషంలో వచ్చి మళ్లీ ఇక్కడే మొదలుపెడదాం' అనుకుని వేలు గుర్తుగా పెట్టుకున్నట్టుంది. ఎన్నేళ్లనుంచో పెట్టుకుని ఉన్నాడు. ఫ్లెక్సీ తాడు సరిగ్గా ఆ మణికట్టుకే కట్టారు.

పీఠం పక్కనే ఇడ్లీ బండి ఉంటుంది. పీఠం మీద ప్లేట్ల దొంతర, చట్నీ బకెట్టు.

"ఈయన ఎవరన్నా?" అని అడిగాను.

ఇడ్లీ తీస్తూనే చెప్పాడు: "ఎవరో పెద్దమనిషి సార్. మస్తు మంచోడు. పన్నెండేండ్ల సంది ఈడ్నే బండి వెడుతున్న, ఒక్కనాడు గూడ ఏమనలే."

ఇంతకంటే మంచి కాండక్ట్ సర్టిఫికెట్ ఎవరికి దొరుకుతుంది? అయినా పరిశోధకుడన్నవాడు ఆధారాలు వెతకాలి కాబట్టి శిలాఫలకం దగ్గరికి వెళ్లాను. పైన పేరు ఉండాల్సినచోట 'మొలలకు ఆపరేషన్ లేకుండా గ్యారంటీ చికిత్స' అని కాగితం అంటించి ఉంది, ఫోన్ నంబరుతో సహా. దాని కింద రాయి మీద పేర్లు స్పష్టంగానే ఉన్నాయి. ఆవిష్కర్త ఒకరు, సభాధ్యక్షులు ఒకరు, ముఖ్య అతిథులు ఇద్దరు, గౌరవ అతిథులు ముగ్గురు, ఆత్మీయ అతిథులు నలుగురు. గౌరవ అతిథికీ ఆత్మీయ అతిథికీ తేడా ఏమిటంటే, నాకు తెలిసినంతలో, శాలువా ఖరీదు. అట్టడుగున గ్యాస్ సిలిండర్ అడ్డంగా ఉంటే, ఇడ్లీ అన్నను బతిమాలి జరిపించాను. శిల్పి పేరు అక్కడుంటుందని ఆశ. ఉన్నది కాంట్రాక్టరు పేరు.

పెళ్లి శుభలేఖలో వియ్యాలవారి పేర్లు, మేనమామల పేర్లు, 'మా పిన్ని పెళ్లికి తప్పక రండేం' అనే చంటిపిల్లల పేర్లు అన్నీ వేయించి పెళ్లికూతురి పేరు మరిచిపోయినట్టుంది వ్యవహారం.

అక్కడ నిలబడే నాకు మన భాష గొప్పతనం తెలిసివచ్చింది. ముసుగు లాగడాన్ని ఆవిష్కరణ అంటాం. లోకానికి తెలియనిదాన్ని కొత్తగా కనిపెట్టడాన్నీ ఆవిష్కరణే అంటాం. పూర్వులు ఊరికే పెట్టలేదు. విగ్రహానికి మొదటి ఆవిష్కరణ మంత్రిగారు చేస్తారు, రెండోది షుగర్ పేషెంట్లు చేయాలి. మధ్యలో ఉన్న కాలమంతా అజ్ఞాతవాసం.

ఉత్సాహం పట్టలేక నా నలభై నిమిషాల నడకను టాంక్‌బండ్‌కు మార్చాను. అక్కడ 1980లలో ఎన్టీఆర్ ప్రభుత్వం తెలుగు ప్రముఖుల విగ్రహాలు 33 పెట్టించింది. నన్నయ, తిక్కన, ఎర్రన ఉన్నారు. నన్నయకూ ఎర్రనకూ మధ్య దాదాపు మూడు శతాబ్దాల దూరం, టాంక్‌బండ్ మీద మాత్రం పల్లీలు తింటూ దాటెయ్యొచ్చు. మొల్ల ఉంది, జాషువా ఉన్నాడు, మఖ్దూం మొహియుద్దీన్ ఉన్నాడు, దవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ దొర ఉన్నాడు. పోతన ఉన్నాడు. రాజులకు కృతి ఇవ్వనని భీష్మించుకున్న ఆ మనిషిని సర్కారువారి పీఠం ఎక్కించారు, పాపం ఆయన్ని అడిగి ఉండరు. 2021లో ఆదివారం సాయంత్రాలు అక్కడ బండ్లు ఆపేసి జనాన్ని నడవనివ్వడం మొదలుపెట్టారు కూడా. నడిచేవాళ్లు నడుస్తున్నారు. వేమన ముందు ఓ జంట సెల్ఫీ తీసుకుంటుంటే నేనే ఫోన్ పట్టుకుని ఫొటో తీసిపెట్టాను. "అంకుల్, వెనకాల విగ్రహం రాకుండా" అన్నాడు కుర్రాడు.

2011 మార్చి 10న, తెలంగాణ ఉద్యమంలో మిలియన్ మార్చ్ రోజు, వీటిలో చాలా పగిలాయి. తర్వాత మళ్లీ చేయించి నిలబెట్టారు. ఆ తప్పొప్పుల జోలికి నేను పోను. పరిశోధకుడిగా ఒక్కటి మాత్రం నమోదు చేయాలి. పీఠం మీది పేరు చదివి, ఈయన ఎవరు, ఎటువైపువాడు అని ఒక్కో విగ్రహం ముందూ ఆగి ఆలోచించినవాళ్లు ఈ నగర చరిత్రలో ఆ ఒక్కరోజే కనిపిస్తారు. కళాభిమానులకు ఇంత శ్రద్ధ ఏనాడూ కలగలేదు.

హుస్సేన్‌సాగర్ మధ్యలో బుద్ధుణ్ని ఎవరూ చూడలేదని అనలేం. భువనగిరి దగ్గర రాయగిరి కొండ నుంచి తెచ్చిన ఏకశిల, గణపతి స్థపతి చెక్కిన పని. 1990లో పడవ మీద తీసుకెళ్తుంటే ఒరిగి నీళ్లలో పడింది, మనుషుల ప్రాణాలు పోయాయి, రెండేళ్లకు పైగా చెరువు అడుగున పడుకుని 1992లో లేచింది. ఆ రెండేళ్లూ ఊరంతా బుద్ధుడి గురించే మాట్లాడుకుందని మా పెద్దవాళ్లు చెప్తారు. ఈ పాయింటు గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

అసెంబ్లీ ఎదుట గన్‌పార్కులో 1969 అమరవీరుల స్తూపం ఉంది. దాని దగ్గరికి నాయకులు తరచూ వస్తారు. పూలు పెడతారు, వెనక్కి తిరుగుతారు, మైకుల్లో మాట్లాడతారు, వెళ్లిపోతారు. ఇంతా చేసి, స్తూపం వాళ్ల వెనకే ఉంటుంది. దాన్ని మలచిన శిల్పి ఎక్కా యాదగిరిరావు. ఈ పేరు ఎంతమందికి తెలుసునని మా ఆఫీసులో వాకబు చేశాను. ఒకాయన "మా అపార్ట్‌మెంట్ సెక్రటరీయేనా?" అన్నాడు.

మక్తా సంగతి చెప్పకపోతే ఈ పరిశోధన అసంపూర్ణం. రాజ్‌భవన్ పక్కన, నెక్లెస్ రోడ్డుకు వెళ్లేదారిలో ఎం.ఎస్.మక్తా అని చిన్న బస్తీ ఉంది. 2016, 2017 ప్రాంతంలో స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ వాళ్లు వచ్చి, మనదేశపు చిత్రకారులతో, విదేశీ చిత్రకారులతో ఆ ఇళ్ల గోడల నిండా బొమ్మలు వేయించారు. ఇలాంటివి చూడ్డానికి మనవాళ్లు బెర్లిన్ వెళ్తారు, ఆధార్ కార్డు తప్ప అన్నీ పట్టుకుని. ఇక్కడికి మెట్రో ఖైరతాబాద్‌లో దిగి నడిచి రావొచ్చు. నేను వెళ్లిన పొద్దున ఒక గోడ మీది రంగుల ముఖానికి సగం మీద దుప్పటి ఆరేసి ఉంది. ఆ ఇంటామె బక్కెట్టుతో బయటికొచ్చి నేను నోరు తెరిచి చూడటం చూసింది. కాసేపు తటపటాయించి, దుప్పటి మడిచి భుజాన వేసుకుని, "ఇప్పుడు చూడుండ్రి" అని పక్కకు నిలబడింది. ఇన్ని ఆవిష్కరణ సభలకు వెళ్లాను, అంత మర్యాదగా ముసుగు తీసినవాళ్లను చూడలేదు.

ఫ్లైఓవర్ల కింది స్తంభాల మీద కార్పొరేషన్ వేయించే బతుకమ్మలు, కాకతీయ తోరణాల గురించి ఎక్కువ చెప్పను. వాటిని అందరూ చూస్తారు, ఎర్ర సిగ్నల్ పడితే చూడటానికి ఇంకేమీ ఉండదు గనక. గోడ మూలల్లో వరసగా అతికించే దేవుళ్ల టైల్స్ గురించి అసలే చెప్పను. దేశంలో బహిరంగ కళకు నూటికి నూరుపాళ్లు ఫలితం దక్కిన రంగం అదొక్కటే, అయితే అక్కడ ప్రేక్షకులు చూసింది ఎంత తొందరలోనో అంచనా వేయలేం.

ఇంత పరిశోధన తర్వాత ప్రభుత్వానికి ఒకే ఒక సూచన చేయదలచుకున్నాను. విగ్రహాలకు ముసుగులు తీయకూడదు. బుద్ధుడు నీళ్లలో ఉన్న రెండేళ్లూ అందరి నోళ్లలో ఉన్నాడు. మా పేట పెద్దమనిషి ఫ్లెక్సీ చాటున ఉండబట్టే పాదాలు కనిపించి నేను ఆగాను, ఫ్లెక్సీ లేనప్పుడు 19 ఏళ్లు ఆగలేదు. కాబట్టి నగరంలో ప్రతి విగ్రహానికీ నిండా బట్ట కప్పి ఉంచితే, లోపల ఎవరున్నారోనని దారినపోయే ప్రతివాడూ ఒక్కసారి ఎత్తి చూస్తాడు. మనం అలాంటివాళ్లం. ఇక ఖర్చంటారా, బట్ట కొనక్కర్లేదు, పుట్టినరోజులు ఏడాది పొడుగునా వస్తూనే ఉంటాయి. ఇన్నాళ్లూ ఫ్లెక్సీలు కట్టేవాళ్లను నానా మాటలు అన్నందుకు ఈ సందర్భంగా క్షమాపణ చెప్పుకుంటున్నాను.

నిన్న పొద్దున మళ్లీ వెళ్లాను. పుస్తకం అట్ట మీద ఏమైనా అక్షరాలున్నాయేమోనని పీఠం అంచు పట్టుకుని, మునివేళ్ల మీద లేచి చూస్తున్నాను. వెనక నుంచి విజిల్ వినిపించింది. ట్రాఫిక్ కానిస్టేబుల్.

"ఏం చేస్తున్నరు సార్ ఆడ?"

"విగ్రహం చూస్తున్నానండీ."

ఆయన నా చేతులవైపు చూశాడు, జేబులవైపు చూశాడు. "విగ్రహం చూస్తున్నరు. మంచిది. ఎందుకు?"

జవాబు తోచలేదు. పదివేలసార్లు చూడకుండా వెళ్లినప్పుడు ఎందుకని ఎవరూ అడగలేదు. నేను ఊరికే చెయ్యెత్తి పైకి చూపించాను. ఆయన టోపీ వెనక్కి నెట్టుకుని, ఎండకు కళ్లు చికిలించి, ఫ్లెక్సీ పైనుంచి చూశాడు. కాసేపు అలాగే ఉన్నాడు.

"అరె, కళ్లద్దాలున్నయి ఈయనకు!" అన్నాడు. "ఆరేండ్ల సంది ఇదే పాయింట్ల డ్యూటీ చేస్తున్న సార్ నేను."

"వేలు కూడా చూడండి, పుస్తకంలో" అన్నాను.

చూడబోయాడు. ఇంతలో నాలుగువైపులా హారన్లు మోగాయి, ఆయన విజిల్ నోట్లో పెట్టుకుని పరిగెత్తాడు. ఇడ్లీ అన్న చట్నీ గరిటె పక్కన పెట్టి, గాలికి లేచిన ఫ్లెక్సీ మూల కిందికి లాగి, తాడును ఆ మణికట్టుకే ఇంకో మెలిక వేసి గట్టిగా బిగించాడు.

"ఇది లేస్తే ఇడ్లీల మీద దుమ్ము పడ్తది సార్" అన్నాడు.