స్లావిక్ భాషల్లో పెట్రోలియానికి ఉన్నది ఒక్క మాటేనా?

“స్లావిక్ భాషలన్నిటిలో పెట్రోలియానికి ఒకటే మాట, నాఫ్తా. అది రష్యన్ మాట. రష్యా పెత్తనం వెంట మిగతా దేశాలకు పాకింది. స్లావులకు దీనికి సొంత మాటే లేదు.” రష్యన్, పోలిష్, చెక్ లాంటి ఈ స్లావిక్ భాషల ముచ్చట్లలో ఈ నాలుగు వాక్యాలు పదేపదే కనబడుతున్నాయి. నాలుగూ తప్పే.

ఒకటే మాట అన్నది ముందు చూద్దాం. అసలు రష్యన్‌లోనే ముడిచమురును నాఫ్తా అనరు, ‘న్యెఫ్త్’ అంటారు. ఉక్రేనియన్, బెలారూసియన్, సెర్బియన్, క్రొయేషియన్, స్లొవేనియన్‌లలో నాఫ్తా అనడం నిజమే. చెక్, స్లోవాక్ వాళ్లు మాత్రం ‘రోపా’ అంటారు. పోలిష్‌లో ‘రోపా నాఫ్తోవా’, వాడుకలో ఉత్త రోపా. బల్గేరియన్‌లో నెఫ్త్ ఉంది, ‘పెట్రోల్’ కూడా ఉంది.

పోనీ, నాఫ్తా అని వినబడిన చోటల్లా అర్థం ఒకటేనా? చెక్, స్లోవాక్ బంకుల్లో నాఫ్తా అంటే డీజిల్. ప్రాగ్‌లో కారు అద్దెకు తీసుకునే మనవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి, పెట్రోలు కారులో అది పోశారంటే ఇంజను పని అంతే. మన పెట్రోలును అక్కడ బెంజిన్ అంటారు. సరిహద్దు దాటి పోలాండ్‌కు వెళ్తే అదే నాఫ్తా కిరసనాయిలు అయిపోతుంది. బల్గేరియాలోనేమో పెట్రోల్ అంటే ముడిచమురు, బండిలో పోసేది బెంజిన్.

రష్యన్ మాట అన్నదీ నిలవదు. బాబిలోనియా మట్టి పలకల మీది అక్కాడియన్ భాషలోనే ‘నప్తు’ ఉంది. పారశీకంలో నఫ్త్, గ్రీకులో నాఫ్తా. రష్యన్లకు ఈ మాట పారశీకం నుంచి టర్కిష్ ‘నెఫ్త్’ మీదుగా చేరింది. కాస్పియన్ తీరంలోని బాకూ రష్యన్ వర్తకుల దారిలోదే. 15వ శతాబ్దంలో మన దక్కనుకు, బీదరుకు వచ్చిన రష్యన్ వర్తకుడు అఫనాసి నికితిన్ కూడా బాకూ మీదుగానే వచ్చాడు, అక్కడి ఆరని మంట గురించి రాసుకున్నాడు. పోలిష్, చెక్ నాఫ్తా మాత్రం గ్రీకు, లాటిన్ దారిన వచ్చింది. రష్యన్ నుంచే తీసుకుని ఉంటే వాళ్ల నోట కూడా ‘నె’ పలికేది.

రష్యా పెత్తనం సంగతి చెప్పాలంటే, పోలిష్ చమురు పుట్టిన గలీషియా సీమ ఆనాడు ఆస్ట్రియా చేతిలో ఉంది, రష్యా చేతిలో కాదు. మందుల తయారీ తెలిసిన ఇగ్నాత్సి వుకాషేవిచ్ చేయించిన కిరసనాయిలు దీపం 1853 జులై 31న ల్వూవ్ (నేటి ల్వివ్) ఆసుపత్రిలో వెలిగింది. మరుసటి ఏడాది అదే సీమలోని బూబ్ర్కా అనే ఊళ్లో చమురు బావి తవ్వారు.

నాలుగో మాట నాకు అన్నిటికన్నా బాధ కలిగిస్తుంది, ఎందుకంటే రోపా అచ్చమైన స్లావిక్ మాట. పోలిష్‌లో రోపా అంటే చీము కూడా. విని ముఖం చిట్లించాల్సిన పని లేదు. ఉక్రేనియన్‌లో అదే రోపా చిక్కటి ఉప్పునీరు. లోపలి నుంచి చిక్కగా ఊరి బయటికి వచ్చేది అన్న భావం రెండింటిలోనూ ఉంది. కార్పాతియన్ కొండల దిగువన ఉప్పు బావుల్లో నీటితోపాటు నల్లటి చమురూ ఊరేది. దాన్ని చూసిన రైతులకు గ్రీకు, పారశీకం అక్కర్లేదు, ఇంట్లో ఉన్న మాటే సరిపోయింది. దక్షిణ పోలాండ్‌లో గోర్లిత్సె దగ్గర, పాత చమురు బావుల సీమలో, ఇవాళ్టికీ రోపా అనే ఏరు పారుతోంది. దాని ఒడ్డునున్న ఒక ఊరి పేరూ రోపాయే.